ఎవరూ ‘ఆటలో అరటిపండు’ కాకుండా: విజయవాడ కాలనీ పిల్లలతో ఆటల జట్టు నడపడం ఎలా

మన పిల్లల ఆటల్లో ‘ఆటలో అరటిపండు’ అని ఒకడుంటాడు. చిన్నవాడనో, ఆడలేడనో వద్దంటే ఏడుస్తాడు కాబట్టి చేర్చుకుంటారు. వాడు అందరితో పాటు పరిగెడతాడు, అరుస్తాడు. కానీ అవుటైతే లెక్క లేదు, ఎవరినైనా అవుట్ చేసినా లెక్క లేదు. పేద పిల్లల కోసం పెద్దలు పెట్టే ఆటల కార్యక్రమాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. టీషర్టులు పంచుతారు, వరుసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆట మాత్రం అప్పటికే బాగా ఆడే నలుగురైదుగురి చేతుల్లోనే ఉంటుంది. మిగతావాళ్ళు రెండో వారం నుంచి కనబడరు. ఎందుకు రావడం లేదని ఎవరూ వాళ్ళ ఇంటికి వెళ్ళి అడగరు.

ఇక్కడ రాసేదంతా ఆ మిగతావాళ్ళ కోసమే. మీరు డిగ్రీ చదివే విద్యార్థి కావచ్చు, రిటైరైన పీఈటీ కావచ్చు, కాలనీలో పదిమందికీ తెలిసిన గృహిణి కావచ్చు. కోచింగ్ సర్టిఫికెట్ లేకపోయినా పని మొదలుపెట్టవచ్చు. వారానికి మూడు సాయంత్రాలు, కనీసం ఏడాది పాటు, చెప్పిన వేళకు గ్రౌండ్‌లో ఉండగలరా లేదా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. రెండు నెలలకే ఆపేసేట్టయితే మొదలుపెట్టకపోవడమే మంచిది. మధ్యలో వదిలేసి వెళ్ళిన పెద్దల్ని ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.

ఉదాహరణలు ఎక్కువగా విజయవాడవే. గుంటూరువాళ్ళు ఆటోనగర్ షెడ్డు అన్నచోట మిర్చి యార్డు చుట్టుపక్కల పేటల్ని అనుకుని చదువుకోవచ్చు. పద్ధతి ఒకటే.

1. ముందు, ఆడని పిల్లల జాబితా రాయండి

బంతి కొనకముందు ఒక నోటుపుస్తకం కొనండి. వారం పది రోజులు కాలనీలో తిరగండి. ఇప్పటికే గ్రౌండ్‌లో ఉన్న పిల్లలు వెతక్కుండానే దొరుకుతారు. మీరు వెతకాల్సింది అక్కడ లేనివాళ్ళని.

ఎవరు వాళ్ళు? బడి మానేసి ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న పదహారేళ్ళ కుర్రాడు. ఏడో తరగతి దాకా వీధిలో గెంతులేసి, ఎనిమిదికి రాగానే గడప దాటని ఆడపిల్ల. ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికి వచ్చిన తల్లిదండ్రులతో కడుతున్న బిల్డింగులోనే ఉంటూ తెలుగు సరిగా రాని పిల్లలు. కాలు బాగోలేదనో, మాట సరిగా రాదనో, బుద్ధి ఎదగలేదనో ఇంట్లోనే ఉంచేసిన పిల్లలు. కాలువ గట్టు మీది గుడిసెల్లోని యానాది కుటుంబాల పిల్లలు. జక్కంపూడి లాంటి కాలనీలకు ఊళ్ళోని వేరే వేరే చోట్ల నుంచి వచ్చి, పాత స్నేహితుల్ని పోగొట్టుకుని, కొత్తవాళ్ళతో కలవలేకపోతున్నవాళ్ళు. ఏ తప్పు చేశాడో ఎవరికీ తెలియకపోయినా ‘బ్లేడ్ బ్యాచ్’ అని వీధంతా పేరు పెట్టేసిన కుర్రాళ్ళు కూడా ఈ జాబితాలో ఉండాలి. అసలు వాళ్ళు తప్పకుండా ఉండాలి.

ఇంటింటికీ ఒంటరిగా వెళ్ళకండి. ఆ వీధి ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్నో, డ్వాక్రా సంఘం లీడర్నో వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏ ఇంట్లో పిల్ల బడి మానేసిందో, ఏ ఇంట్లో పిల్లాణ్ణి బయటికి తీసుకురారో వాళ్ళకు తెలుసు. మీ మీద లేని నమ్మకం వాళ్ళ మీద ఉంటుంది. “మీ అమ్మాయిని ఆటలకు ఎందుకు పంపడం లేదు?” అని అడిగితే తల్లికి నిలదీసినట్టు ఉంటుంది. “సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అమ్మాయి ఏం చేస్తుందమ్మా?” అని అడగండి. అసలు కారణం అప్పుడు బయటికి వస్తుంది. “అది ఆటకొస్తే నీళ్ళెవరు పడతారు బాబూ?” అనే తల్లి ఆటకు అడ్డం చెప్పడం లేదు, కుళాయి వచ్చే వేళ చెబుతోంది. కొండ మెట్లెక్కి నీళ్ళు మోసుకునే ఇళ్ళలో ఆ గంట చాలా పెద్దది.

పుస్తకంలో నాలుగే గడులు గీయండి: పేరు, వయసు, సాయంత్రం ఎలా గడుస్తుంది, రాకుండా ఏది ఆపుతోంది. కులం రాయకండి, ఆదాయం రాయకండి. నాలుగో గడి నిండితే మీ కార్యక్రమం సగం తయారైనట్టే. ఎక్కడ ఆడించాలి, ఎప్పుడు ఆడించాలి, ఏ ఆట ఆడించాలి అన్నవన్నీ దాన్ని చూసే తేలుతాయి.

2. చోటూ వేళా పిల్లలకు కుదిరేట్టు

బందరు రోడ్డులో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం ఉంది, సింగ్‌నగర్‌లో మాకినేని బసవపున్నయ్య స్టేడియం ఉంది. మంచి చోట్లే. కానీ పాయకాపురం పిల్లాడు బందరు రోడ్డుకు రావాలంటే రానూపోనూ ఆటో చార్జీ కావాలి. ఆ డబ్బు లేక ఆగిపోయేవాడు ఆ మాట మీతో చెప్పడు, “ఇంట్రెస్ట్ లేదన్నా” అంటాడు. అందుకే నడిచి రాగలిగే చోటు చూడండి, పది నిమిషాలకు మించకూడదు. చాలా కాలనీలకు దగ్గర్లో ఉండేది మున్సిపల్ స్కూల్ గ్రౌండే.

చోటు ఒక వర్గానిది అయితే రెండో వర్గం పిల్లలు రారు. గుడి ఆవరణ, చర్చి ఆవరణ, మసీదు పక్క ఖాళీ స్థలం, ఒక కులం వాళ్ళే ఉండే వీధి చివర: ఇవి ఎవరైనా ప్రేమగా ఇస్తామన్నా మొదటి ఏడాది వద్దనండి. పార్టీ నాయకుడి ఖాళీ స్థలం కూడా అంతే.

అనుమతికి హెడ్మాస్టరు గారికి ఒక అర్జీ, నగరపాలక సంస్థ కమిషనర్ గారికి ఒక అర్జీ రాయండి. ఏ రోజులు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ వయసు పిల్లలు, బాధ్యత ఎవరిది, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏదైనా విరిగితే ఎవరు బాగుచేయిస్తారు అన్నవి అందులో ఉండాలి. హెడ్మాస్టర్లు వెనకాడేది ఎక్కువగా ఆ చివరి రెండింటి దగ్గరే. వాటికి ముందే జవాబు రాసి ఇస్తే పని తేలికవుతుంది. అర్జీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి.

గ్రౌండ్ చూసేటప్పుడు మూడు విషయాలు పట్టించుకోండి: ఆడపిల్లలు వాడగలిగే, లోపల గడియ పడే టాయిలెట్, తాగే నీళ్ళు, చీకటిపడ్డాక దారిలో లైటు. మొదటిది లేకపోతే ఆడపిల్లలు కొన్నాళ్ళు వచ్చి మానేస్తారు, కారణం మాత్రం ఎవరికీ చెప్పరు.

వేళ సంగతి. బడి పిల్లలకు సాయంత్రం ఐదున్నర బాగుంటుంది. షెడ్డులో పనిచేసే కుర్రాడు ఎనిమిదింటికి గానీ రాలేడు, వాడికి ఆదివారం మధ్యాహ్నం తర్వాతే తీరిక. కాబట్టి వారంలో రెండు సాయంత్రాలు బడి వేళకు, ఆదివారం సాయంత్రం అందరికీ కుదిరేట్టు పెట్టండి. ఆదివారం ఉదయం పెట్టవద్దు, చర్చికి వెళ్ళే పిల్లలు సగం మంది ఉంటారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవాళ్ళు ఇఫ్తార్‌కు ఇల్లు చేరేట్టు ఆట ముందే ముగించండి, పరుగు తగ్గించండి. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు చెప్పుల్లేకుండా వస్తాడు, ఆ నలభై ఒక్క రోజులూ గ్రౌండ్‌లో గాజుపెంకులు మరింత జాగ్రత్తగా ఏరించండి. దసరాకు దుర్గమ్మ కొండ చుట్టుపక్కల దారులన్నీ కిక్కిరిసిపోతాయి, ఆ పది రోజులూ వన్‌టౌన్ వైపు పిల్లలకు సెలవే. మార్చిలో పదో తరగతివాళ్ళకు పరీక్షలు.

ఎండాకాలం గురించి వేరే చెప్పాలి. మే నెలలో మన దగ్గర ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఏప్రిల్ మధ్య నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా ఆటను ఉదయం ఐదున్నర నుంచి ఏడింటికి మార్చండి.

3. ఆట ఎంచుకోవడం

పిల్లల్ని అడిగితే క్రికెట్టే అంటారు. అయినా దాంతో మొదలుపెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. క్రికెట్‌లో ఒకడు బ్యాటింగ్ చేస్తుంటే పదిమంది నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చినవాణ్ణి బౌండరీ దగ్గర నిలబెడతారు, బంతి కాలువలో పడితే తెచ్చేది వాడే. బ్యాటు ఎవరిదైతే వాడిదే రాజ్యం. ఎంట్రీ ఫీజు పెట్టి, పందేలు కాసి ఆడే టెన్నిస్ బాల్ టోర్నమెంట్ల వాసన కూడా దానికి అంటుకుని ఉంది. ఆరు నెలలు గడిచి జట్టులో మంచి అలవాట్లు కుదిరాక క్రికెట్ తెచ్చుకోవచ్చు.

మొదట్లో మూడు ఆటలు బాగా పనికొస్తాయి.

కబడ్డీకి జట్టుకు ఏడుగురు, సామానేమీ అక్కర్లేదు. అవుటైనవాడు బయట కూర్చున్నా అవతలి జట్టులో ఒకరు అవుటైతే మళ్ళీ లోపలికి వస్తాడు. తన జట్టు వాళ్ళే తనను బతికించి తెచ్చుకుంటారు. ఒంటరితనానికి అలవాటుపడ్డ పిల్లాడి మీద దాని ప్రభావం మీరే చూస్తారు. ఒక్క మార్పు చేయండి: మన గ్రౌండ్‌లో రెయిడ్‌కు వరస క్రమంలో ప్రతి ఒక్కరూ వెళ్ళాలి. లేకపోతే బలంగా ఉన్న ఇద్దరే కూతకు వెళ్తుంటారు, మిగతా ఐదుగురూ గొలుసు పట్టుకుని నిలబడతారు.

ఖోఖో ఇంకా మంచిది. తరిమే జట్టులో ఎనిమిది మంది మధ్య గీత మీద ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతాడు. అలిసిన మనిషి ‘ఖో’ ఇచ్చి కూర్చోవచ్చు, కాబట్టి సన్నగా ఉన్న పిల్లకైనా, లావుగా ఉన్న పిల్లాడికైనా పని దొరుకుతుంది. ఒంటి మీద చెయ్యి తగలడం కూడా కబడ్డీ కంటే తక్కువ, అందుకే ఆడపిల్లల తల్లిదండ్రులు త్వరగా ఒప్పుకుంటారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌లో మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ గెలిచాయి. ఆ మ్యాచ్‌ల వీడియోలు పిల్లలకు చూపించండి, తాము ఆడేది చిన్న ఆట కాదని తెలుస్తుంది.

మూడోది వాలీబాల్ గానీ త్రోబాల్ గానీ. షెడ్డు నుంచి అలిసి వచ్చే పెద్ద కుర్రాళ్ళకు వాలీబాల్ నచ్చుతుంది.

కావలసిన సామాను ఇంతే: రెండు వాలీబాళ్ళు, ఒక నెట్, ఒక ఈల, గీతలు గీయడానికి ముగ్గుపిండి, ఇసుక నింపిన ప్లాస్టిక్ సీసాలు పది, రెండు రంగుల గుడ్డ పట్టీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. గీతలకు ఘాటు సున్నం వద్దు, కళ్ళలో పడితే ప్రమాదం. సామాను దాచే బాధ్యత వారానికొకరి చొప్పున పిల్లలకే ఇవ్వండి. ఎవరూ నమ్మని కుర్రాడికి బంతుల సంచి ఇచ్చి ఇంటికి పంపితే ఆ నమ్మకాన్ని వాడు ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటాడో చూడండి.

4. ఒక సాయంత్రం ఎలా నడవాలి

తొంభై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు గుండ్రంగా కూర్చుని పేర్లు. రోజూ. ప్రతి ఒక్కరూ పక్కవాడి పేరు చెప్పాలి. తర్వాత పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా ఏడుపెంకులాటో, కుంటాటో. దాని తర్వాత ఇరవై నిమిషాలు ఒక మెళకువ నేర్పండి, ఒక్కటే. ముప్పై అయిదు నిమిషాలు ఆట. చివరి పది నిమిషాలు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవడం, నీళ్ళు తాగడం.

జట్లు వేయడం దగ్గరే అసలు పరీక్ష. ఇద్దరు కెప్టెన్లను పెట్టి ఒక్కొక్కరినీ ఎంచుకోమనడం మీ గ్రౌండ్‌లో ఎప్పటికీ జరగకూడదు. చివరికి మిగిలిపోయే పిల్ల ప్రతిరోజూ అందరి ముందూ అవమానపడుతుంది. దానికి మన దగ్గరే మంచి విరుగుడు ఉంది: పంటలు వేయించండి. అరచేతులు తిప్పడంలో బలం లేదు, బొమ్మా బొరుసూ లాగే అదృష్టం. బలాబలాలు మరీ తేడా వస్తే మీరే నిశ్శబ్దంగా ఇద్దరిని అటూ ఇటూ మార్చండి, కారణం పైకి చెప్పకుండా.

ఆటకు ముందూ తర్వాతా మాట్లాడుకోవడం ఎందుకంటే, దీని వెనక ఒక కథ ఉంది. 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో పొరపాటున సొంత గోల్ వేసుకున్న కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్‌ను మెడెలిన్ నగరంలో కాల్చి చంపారు. ఆ తర్వాత ఆ నగరంలో, ముఠాల మధ్య నలిగిపోతున్న కుర్రాళ్ళ కోసం ఒక కొత్త ఆట పద్ధతి పుట్టింది. ఇప్పుడు దాన్ని ‘ఫుట్‌బాల్ త్రీ’ పేరుతో చాలా దేశాల్లో ఆడిస్తున్నారు. అందులో ఆట మూడు భాగాలు. మొదటి భాగంలో రెండు జట్లూ కూర్చుని ఆ రోజు నియమాలు తామే ఒప్పుకుంటాయి. రెండో భాగం ఆట, రిఫరీ ఉండడు. మూడో భాగంలో మళ్ళీ కూర్చుని, ఒప్పుకున్న మాట ఎవరు ఎంత నిలబెట్టుకున్నారో చర్చించి, మర్యాదకు పాయింట్లు ఇచ్చుకుంటాయి. గోల్స్‌తో గెలిచిన జట్టు మర్యాదలో ఓడి మొత్తం మీద ఓడిపోవచ్చు.

దీన్ని కబడ్డీకీ ఖోఖోకీ అలాగే వాడుకోండి. రోజుకు రెండు నియమాలు చాలు: “అవుటైనవాణ్ణి వెక్కిరించకూడదు”, “కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి ఖో” లాంటివి. నియమాలు పిల్లలే చెప్పాలి. మొదట్లో ఎవరూ నోరు విప్పరు, అలవాటైన ఇద్దరే మాట్లాడతారు. అప్పుడు ఒక చిన్న రాయి చేతికివ్వండి, రాయి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, రాయి అందరి చేతుల్లోకీ వెళ్ళాలి. “నాకేం లేదు” అన్నా సరే, రాయి పట్టుకున్నారు కదా. కొన్ని వారాలకు అదే పిల్ల “నిన్న నన్ను నెట్టాడు, అది బాలేదు” అంటుంది. అక్కడితో ఆ పిల్ల లెక్కలోకి వచ్చింది.

5. ఆడపిల్లలు

ఇది విడిగా, ఓపిగ్గా చేయాల్సిన పని.

మొదటి మూడు నెలలు వాళ్ళకు వేరే సమయం ఇవ్వండి, నడిపేది ఒక అక్క అయి ఉండాలి. కాలేజీలో ఆడిన అమ్మాయి దొరికితే మంచిది, దొరక్కపోతే ఉత్సాహం ఉన్న అంగన్‌వాడీ టీచర్ అయినా చాలు. షార్ట్స్ వేసుకోవాలని నియమం పెట్టకండి. చుడీదార్ మీద ఆడతానన్నా, లెగ్గింగ్ వేసుకుంటానన్నా, తలకు గుడ్డ కట్టుకుంటానన్నా సరేననండి. చున్నీని నడుముకు బిగించి ముడివేయించండి, మెడలో వేలాడితే ప్రమాదం. గోడ ఎక్కి చూసే కుర్రాళ్ళను పంపేయడం మీ పని, దాన్ని అమ్మాయిల మీద వదలకండి.

తల్లుల్ని గ్రౌండ్‌కు పిలవండి. నెలకొక ఆదివారం అమ్మల త్రోబాల్ పెట్టండి. రాము రామంటూనే వచ్చి, కొంగు బిగించి బంతి విసిరిన తల్లి మర్నాడు కూతుర్ని ఆపదు. ఇంకో చిన్న సంగతి: తమ్ముణ్ణో చెల్లెల్నో చంకనెత్తుకుని వచ్చే అక్కలు చాలామంది ఉంటారు. “చిన్నపిల్లల్ని తేవద్దు” అంటే అక్క కూడా ఆగిపోతుంది. గ్రౌండ్ మూలలో ఒక చాప పరిచి, ఒక పెద్దామెను కూర్చోబెట్టి, ఆ చిన్నవాళ్ళను చూసుకునే ఏర్పాటు చేయండి.

కుళాయి వేళ అడ్డమైన ఇంటికి ఆట వేళ అరగంట జరపండి. అది కుదరకపోతే ఆ ఇంటి అన్నయ్యతో, నాన్నతో మాట్లాడండి. “వారానికి రెండు రోజులు నువ్వు నీళ్ళు పట్టు నాన్నా, చెల్లి ఆడుకుంటుంది” అని మీరు అడిగితే కాదనే అన్న తక్కువ, ముఖ్యంగా వాడు కూడా మీ జట్టులోనే ఉంటే.

6. వైకల్యం ఉన్న పిల్లలు: ఆటనే మార్చండి

స్కోరు రాయమని, నీళ్ళు అందించమని కూర్చోబెట్టడం చేర్చుకోవడం కాదు. వాళ్ళు ఆడాలి, వాళ్ళ పాయింటు లెక్కకు రావాలి.

అంధుల క్రికెట్ దీనికి మంచి పాఠం. బంతిలో చిన్న గోళీలుంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. భుజం కిందుగా వేస్తారు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివాళ్ళు ఉండి తీరాలి. వాళ్ళు కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. అందరికంటే తక్కువ చూపున్న మనిషి జట్టుకు బరువు కాకుండా, గెలవాలంటే తప్పనిసరి అయ్యేట్టు నియమాలు రాశారు. ఈ ఆటలో భారత జట్టుకు కెప్టెన్‌గా చేసి అర్జున అవార్డు అందుకున్న ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి మన గుంటూరు ప్రాంతం నుంచి వచ్చినవారే.

అదే బుద్ధితో మీ ఆటనూ మార్చవచ్చు. కాలు ఈడ్చి నడిచే పిల్లాడికి ఖోఖోలో చివరి గడి ఇచ్చి, అతను ఇచ్చిన ఖోతో వచ్చిన అవుటుకు రెండు పాయింట్లు ఇవ్వండి. వినపడని పిల్ల ఉంటే ఈలతో పాటు రంగు గుడ్డ ఊపడం మొదలుపెట్టండి, వారంలో అందరికీ అలవాటవుతుంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నియమాలు ఒక్కొక్కటిగా, చేసి చూపించి చెప్పండి. వాళ్ళకు రోజూ ఒకే తోడు ఉండేట్టు చూడండి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్ళో ఎగతాళి చేసేవారు. ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మీ పిల్లలకు ఆ పేరు తెలియాలి, ఎగతాళి చేసేవాళ్ళకు ఇంకా తెలియాలి.

తల్లిదండ్రులు భయపడతారు. “పడిపోతాడేమో”, “నవ్వుతారేమో” అంటారు. మొదటి వారం వాళ్ళనూ గ్రౌండ్‌లోనే కూర్చోమనండి.

7. పేర్లు, తిట్లు, తగాదాలు

గ్రౌండ్‌లో ప్రతి ఒక్కరినీ ఇంట్లో పెట్టిన పేరుతోనే పిలవాలి. కుంటోడా, నల్లోడా, బీహారీ అన్నా, కులం పేరు కలిపి అన్నా ఆట ఆపేయండి. తిట్టినవాణ్ణి బయటికి పంపకండి, ఆట ఆపి అందర్నీ కూర్చోబెట్టండి, రాయి తిప్పండి. తెలుగు రాని పిల్లలుంటే వారానికొక రోజు లెక్క వాళ్ళ భాషలో పెట్టించండి. ఒడియాలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం మన పిల్లలకు భలే సరదా, నేర్పే పిల్లాడికి అదొక హోదా.

కొట్లాట జరిగితే అదే రోజు ముగించాలి. ఇంటికి వెళ్ళాక అది వీధి తగాదా, తర్వాత పెద్దల తగాదా అవుతుంది. ఇద్దర్నీ మర్నాడు ఒకే జట్టులో వేయండి.

గంజాయి అలవాటు పడ్డ కుర్రాడు వస్తే తరిమేయకండి. గ్రౌండ్‌లోకి సరుకు తేకూడదు, మత్తులో ఆడకూడదు అన్న రెండు షరతులు నేరుగా, మర్యాదగా చెప్పండి. మానాలనుకుంటే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. అమ్మేవాళ్ళు గ్రౌండ్ చుట్టూ తిరుగుతుంటే అది వేరే విషయం, మత్తుమందుల్ని అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972. ఫిర్యాదు పిల్లల చేత చేయించకండి, మీరు చేయండి.

8. భద్రత: ఇందులో సడలింపు లేదు

గ్రౌండ్‌లో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, బండి మీద ఒంటరిగా దింపకూడదు, విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. ఈ నియమం మీకూ వర్తిస్తుందని తల్లిదండ్రుల ముందు మొదటిరోజే చదివి వినిపించండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత, దాచిపెట్టడం నేరం. ‘పరువు’ కోసం సర్దుబాటు చేయబోయే పెద్దలు తప్పకుండా వస్తారు, వినకండి. పిల్ల పేరు ఎవరికీ చెప్పకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112, అంబులెన్స్ 108: ఈ మూడూ పిల్లలందరికీ నోటికి రావాలి.

పద్నాలుగేళ్ళు నిండని పిల్లాడు షెడ్డులో పనిచేస్తున్నట్టు తెలిస్తే యజమానితో మీరే గొడవకు దిగితే వాణ్ణి రాత్రికి రాత్రి మరోచోటికి మార్చేస్తారు. 1098కి చెప్పి వాళ్ళతో కలిసి చేయండి, బడిలో చేర్పించేదాకా వెంట ఉండండి.

ఎండదెబ్బ లక్షణాలు నేర్చుకోండి: తల తిరగడం, వాంతి, ఒళ్ళు కాలిపోవడం, పొంతన లేని మాటలు. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని పిల్లాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. మామూలు నీరసానికి లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి ఇవ్వండి. ఇంకో సంగతి, మధ్యాహ్నం తినకుండా వచ్చే పిల్లలుంటారు. ఆటకు ముందు అందరికీ వేరుశనగ చిక్కీ గానీ, ఉడికించిన శనగలు గానీ పెట్టే ఏర్పాటు చేస్తే, ఎవరు ఆకలితో వచ్చారో ఎవరికీ తెలియకుండానే పని జరుగుతుంది.

9. డబ్బు, చొక్కాలు, ఫొటోలు

ఫీజు వద్దు, రూపాయి కూడా. బూట్లు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అని తేడా కనబడకుండా కబడ్డీ, ఖోఖో అందరూ ఒట్టికాళ్ళతోనే ఆడాలి, కాబట్టి రోజూ ఆటకు ముందు నేల శుభ్రం చేయడం అందరి పని. సాయం చేస్తామన్నవాళ్ళ దగ్గర వస్తువులు తీసుకోండి, నగదు వద్దు. తప్పనిసరై తీసుకుంటే లెక్క నెలనెలా గోడ మీద అతికించండి. చొక్కా మీద ఏ నాయకుడి బొమ్మా ఉండకూడదు. ఎన్నికలు వస్తాయి, పోతాయి, ఆ బొమ్మ వేసుకున్న పిల్లాడు వీధిలో ఒక పార్టీవాడిగా మిగిలిపోతాడు. దానం పుచ్చుకుంటున్న ఫొటోలు తీయనివ్వకండి. ఆడుతున్న ఫొటోలు తల్లిదండ్రులు ఒప్పుకుంటే తీయవచ్చు.

10. ఆరు నెలల తర్వాత

పెద్ద పిల్లల్లో కొందరిని చిన్న జట్ల బాధ్యులుగా చేయండి. బాగా ఆడేవాళ్ళను కాదు, చిన్నవాళ్ళు ఎవరి చుట్టూ చేరుతున్నారో చూసి ఎంచుకోండి. బడి మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూల్ ద్వారా పది, ఇంటర్ రాసే దారి ఉందని ఈ దశలో చెబితే వింటారు. మొదటి నెలలో చెబితే ఇంకో మాస్టారు దొరికాడనుకుంటారు.

నిజంగా ప్రతిభ ఉన్న పిల్లలు కొందరు కనబడతారు. వాళ్ళకు స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలున్నాయి, జిల్లా క్రీడాధికారి కార్యాలయం ఉంది. అక్కడ పేద పిల్లల్ని ఎక్కువగా ఆపేది కాగితాలే. జనన ధ్రువపత్రం ఉండదు, ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు. సెలక్షన్ ముందు రోజు పరిగెత్తే బదులు, ఇప్పుడే వార్డు సచివాలయంలో అందరివీ సరిచేయించండి. ఆటగాళ్ళు కాకపోయినా స్కాలర్‌షిప్పులకు అవే పనికొస్తాయి.

బయటి టోర్నమెంట్లకు వెళ్ళమని ఒత్తిడి వస్తుంది. వెళ్ళండి, కానీ తీసుకెళ్ళిన ప్రతి ఒక్కరూ ఆడాలన్న నియమంతో. ఓడిపోతారు కొన్నిసార్లు. కప్పు కోసం బలహీనుల్ని బెంచి మీద కూర్చోబెట్టిన రోజున, మీరు నెలల తరబడి కట్టిన నమ్మకం ఆ ఒక్క మ్యాచ్‌లో కూలిపోతుంది.

హాజరు పట్టీ మాత్రం ఎప్పుడూ వదలకండి. ఎంతమంది వచ్చారన్నదాని కంటే ఎవరు రాలేదన్నది చూడండి. వరసగా మూడు ఆటలకు రాని పిల్ల ఇంటికి నాలుగో ఆటలోపు వెళ్ళాలి. వీలైతే ఆ పిల్ల జట్టులోని ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. జ్వరం కావచ్చు, పనిలో పెట్టి ఉండవచ్చు, పెళ్ళి మాటలు నడుస్తూ ఉండవచ్చు, ఇల్లు మారి ఉండవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో తెలియాలన్నా ఈ పట్టీ, అందులో రాసిన బంధువుల ఫోన్ నంబర్లే ఆధారం. ఇల్లు మారిపోయిన పిల్లకు కొత్త చోట దగ్గర్లో ఏ గ్రౌండ్ ఉందో కనుక్కోండి. అక్కడ ఆడించేవాళ్ళుంటే ఫోన్ చేసి పేరు చెప్పి అప్పగించండి. లేకపోతే, మొదటి అడుగులో చెప్పిన నోటుపుస్తకం ఒకటి ఆ కాలనీలో ఎవరి చేతికివ్వవచ్చో చూడండి.